డైకాస్ట్ మినీని 1964 మోంటే కార్లో ర్యాలీ కారుగా మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న డైకాస్ట్ కారుకి, అంటే అచ్చులో పోసిన లోహపు మోడల్‌కి, రంగు మార్చి, తలుపు మీద ఒక నంబరు అంటిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అది ఫలానా ఏడాది ఫలానా ర్యాలీలో పరుగెత్తిన కారే అనిపించాలంటే ఆ పని వేరు. ఇందులో కొత్తగా దిగినవాళ్లందరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి, అందుకే ఒకచోట చేర్చాను. ఉదాహరణకి అంతటా ఒకే కారును తీసుకున్నాను. అది 1964 జనవరిలో మోంటే కార్లో ర్యాలీ (మొనాకోలో ముగిసే రోడ్డు పోటీ) గెలిచిన ఎర్ర మోరిస్ మినీ కూపర్ ఎస్. రిజిస్ట్రేషన్ 33 ఈజేబీ, పోటీ నంబరు 37. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఏ కారు చేయాలో తేల్చుకునేటప్పుడు

ఇన్ని రేస్ కార్లుండగా మొదటిసారికి మినీయే ఎందుకు?

బాడీ పని తక్కువ కాబట్టి. ఆ రోజుల్లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల పోటీల విభాగం ఆబింగ్డన్‌లో ఉండేది. అక్కడ తయారైన ర్యాలీ మినీ బయటి ఆకారం షోరూమ్‌లో అమ్మే మినీదే. వెడల్పు చేసిన మడ్‌గార్డులు లేవు, వెనక రెక్కలు లేవు. తేడా అంతా దీపాల్లో, చక్రాల్లో, నంబర్లలో, చిన్న చిన్న బిగింపుల్లో ఉంటుంది. ఫోర్డ్ జీటీ40 లాంటిది ఎత్తుకుంటే గాలి గొట్టాలు, వంపులు రేసు రేసుకీ మారిపోతుంటాయి. మొదటి మోడల్‌కే అంత టెన్షన్ ఎందుకు?

కథ కూడా బాగుంటుంది. పాడీ హాప్‌కిర్క్, సహ డ్రైవర్ హెన్రీ లిడన్ మిన్స్క్ నుంచి బయల్దేరి 1071 సీసీ ఇంజనుతో గెలిచారు. రెండో స్థానంలో వచ్చిన బో యుంగ్‌ఫెల్ట్‌ది పెద్ద వీ8 ఫోర్డ్ ఫాల్కన్. పోటీ దశల్లో గడియారం ప్రకారం అదే వేగంగా పోయింది. కానీ ఇంజను పరిమాణాన్ని లెక్కలోకి తీసుకునే నిబంధన వల్ల చిన్న కారుకి మేలు జరిగింది. మంచులో దాన్ని నిలబెట్టి నడిపిన హాప్‌కిర్క్ పనితనాన్ని మాత్రం ఏ నిబంధనా తగ్గించలేదు.

మోంటే మినీలన్నీ ఎర్ర ఒళ్లు, తెల్ల కప్పే కదా? నంబరు మారిస్తే చాలదా?

చాలదు. 1964లో గెలిచింది 33 ఈజేబీ, నంబరు 37. 1965లో టిమో మాకినెన్ గెలిచింది ఏజేబీ 44బీ, నంబరు 52, అందులోది 1275 సీసీ ఇంజను. 1967లో రౌనో ఆల్టొనెన్ గెలిచింది ఎల్‌బీఎల్ 6డీ, నంబరు 177. మూడూ ఎర్రవే. దీపాల అమరిక, ముందు గ్రిల్, కప్పు మీద ఉన్నవీ లేనివీ మాత్రం మారాయి. 1967 నాటి కారు మోడళ్లలో కప్పు మీద రాక్, అందులో స్పేర్ టైర్లు కనిపిస్తాయి. వాటిని తెచ్చి 37వ నంబరు కారుకి పెడితే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ముందు ఒక కారు, ఒక ర్యాలీ, కుదిరితే ఆ ర్యాలీలో ఒక రోజు నిర్ణయించుకోండి. బయల్దేరేటప్పుడు మెరుస్తున్న కారు, చివరికి మురికి పట్టిన కారు ఒకటే అయినా మీరు చేయాల్సిన మోడళ్లు మాత్రం రెండు.

1966లో ముందొచ్చింది కూడా మినీయే అంటారు. దాన్ని చేయొచ్చా?

నిక్షేపంగా చేయొచ్చు. నా లెక్కన అన్నిటికంటే ఆసక్తికరమైన మోంటే మినీ అదే. 1966లో మాకినెన్, ఆల్టొనెన్, హాప్‌కిర్క్ మొదటి మూడు స్థానాల్లో వచ్చారు. తర్వాత అధికారులు హెడ్‌లైట్లు నిబంధనలకు విరుద్ధమని ముగ్గురినీ అనర్హులను చేశారు. ఒకే ఫిలమెంట్ ఉన్న హాలోజన్ బల్బులు వాడారని, వాటితో మామూలు పద్ధతిలో డిమ్ చేయడం కుదరదని అభ్యంతరం. నాలుగో స్థానంలో ఉన్న లోటస్ కోర్టినాని కూడా తప్పించి, పౌలి టొయివొనెన్ నడిపిన సిట్రోయెన్ డీఎస్‌ను విజేతగా ప్రకటించారు.

మాకినెన్ కారు జీఆర్‌ఎక్స్ 555డీ, నంబరు 2. గొడవంతా దీపాల గురించే కాబట్టి ఈ మోడల్‌లో ఎక్కువ ఓపిక దీపాల మీదే పెట్టాలి. కింద పెట్టే పలక మీద "విజేత" అని మాత్రం రాయకండి.

మ్యూజియంలో ఉన్న కారు ఫొటోలు చూసి చేస్తే సరిపోతుందా?

సగం సరిపోతుంది. 33 ఈజేబీ ఇప్పుడు ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉంది. రంగు, బాడీ వంపులు, లోపలి భాగాలు చూడ్డానికి ఆ ఫొటోలు బంగారం. కానీ ఏ పాత పోటీ కారైనా తర్వాత వేరే పనులకు వాడబడుతుంది, మరమ్మతులు జరుగుతాయి, ప్రదర్శన కోసం కొన్ని మారతాయి. కాబట్టి నంబరు ఎక్కడుంది, ఎన్ని దీపాలున్నాయి, స్టీరింగ్ ఏ వైపు ఉంది, టైర్లు ఎలాంటివి అన్నవి 1964 నాటి నలుపు తెలుపు ఫొటోల్లోనే చూడాలి. రెండూ విభేదిస్తే పాత ఫొటో మాటే ఖాయం చేయండి.

ముందు, వెనక, రెండు పక్కలు, మొత్తం నాలుగు వైపుల ఫొటోలు దొరికేదాకా కారు విప్పకండి. ఎడమ పక్క ఫొటో ఒక్కటే చూసి కుడి పక్కని ఊహించుకోవడం దగ్గరే చాలా మోడళ్లు తప్పిపోతాయి.

## మోడల్ కొనేటప్పుడు

ఏ స్కేల్ కొనాలి?

మొదటిసారికి 1:43, అంటే అసలు కారులో 43వ వంతు. అసలు మినీ పొడవు 3.05 మీటర్లు, అంటే 1:43లో సుమారు 71 మి.మీ. అరచేతిలో పట్టుకుని పనిచేయడానికి వీలుగా ఉంటుంది, నంబర్ ప్లేటు అక్షరాలు కూడా చదవొచ్చు. 1:64 చౌక, చెడిపోయినా బాధ ఉండదు, అందుకే రంగు సాధన చేయడానికి మంచిది. కానీ అందులో మినీ 48 మి.మీ. కూడా ఉండదు. 1:18లో కారు 170 మి.మీ. ఉంటుంది. అక్కడ తలుపులు తెరుచుకుంటాయి, లోపలి సీట్లు కనిపిస్తాయి, వాటన్నిటికీ సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

ప్యాకెట్ మీద 1:64 అని రాసుంది. నమ్మొచ్చా?

కొలిచి చూసుకోండి. చౌక రకాల్లో అన్ని కార్లూ ఒకే సైజు ప్యాకెట్‌లో పట్టాలి కాబట్టి చిన్న కారుని పెద్దది చేసి, లారీని చిన్నది చేసి పోస్తారు. మినీ లాంటి పొట్టి కారు ఆ లెక్కలో బాగా ఉబ్బిపోతుంది.

మొత్తం పొడవు కాదు, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు కొలవండి. అసలు కారులో అది 2036 మి.మీ. అంటే 1:64లో 31.8, 1:43లో 47.3, 1:18లో 113 మి.మీ. రావాలి. మీ కొలతతో 2036ని భాగిస్తే మీ మోడల్ నిజమైన స్కేల్ తెలుస్తుంది. తర్వాత చక్రాలు, నంబర్లు, దీపాలు అన్నీ ఆ లెక్క ప్రకారమే చేయాలి. ప్యాకెట్ మీద అంకె ఏదైనా కానివ్వండి.

నేను కొన్నది సరైన కాలం మినీయో కాదో ఎలా తెలుస్తుంది?

మినీ 1959 నుంచి 2000 దాకా తయారైంది. మార్కెట్లో దొరికే మోడళ్లలో తర్వాతి కాలం మినీలవీ ఉంటాయి. మీకు కావాల్సింది మార్క్ 1, అంటే మొట్టమొదటి రూపం. గుర్తులు ఇవి: తలుపు బందులు బయటికి కనిపిస్తాయి. తలుపు అద్దం కిందికి దిగదు, పక్కకి జరుగుతుంది. వెనక అద్దం చిన్నది, వెనక దీపాలు చిన్నవి. 1967 చివర్లో మార్క్ 2 వచ్చినప్పుడు గ్రిల్ ఆకారం మారి, వెనక అద్దం పెద్దదైంది. 1969 తర్వాతి మార్క్ 3లో బందులు లోపలికి పోయాయి, అద్దాలు కిందికి దిగడం మొదలైంది.

బందులు లేకపోతే చేర్చుకోవచ్చు. వెనక అద్దం పెద్దదైతే మాత్రం ఆ మోడల్ వదిలేయండి. లోహపు బాడీలో కిటికీని పెద్దది చేయడం తేలిక, చిన్నది చేయడం నరకం. ఇంకో సంగతి, మినీని మోరిస్, ఆస్టిన్ అనే రెండు పేర్లతో అమ్మేవాళ్లు. 33 ఈజేబీ మోరిస్ మినీ. మోరిస్ కూపర్ గ్రిల్‌లో అడ్డ పట్టీలు ఏడు. ఆస్టిన్ కూపర్‌లో అంతకంటే ఎక్కువగా, దగ్గర దగ్గరగా ఉంటాయి.

మా నాన్నగారి చిన్నప్పటి కోర్గీ మినీ ఇంట్లో ఉంది. దాన్నే మార్చేయనా?

వద్దు. కోర్గీ అనే బ్రిటిష్ కంపెనీ 1960ల్లో చేసిన బొమ్మ కార్లకి గీతలు పడి ఉన్నా సేకరించేవాళ్ల దగ్గర విలువ ఉంటుంది. ఒకసారి రంగు తీసేస్తే ఆ విలువ తిరిగి రాదు. కొత్త మోడల్ కొని దాని మీద పనిచేయండి, పాతది పక్కన పెట్టి చూసుకోండి.

## విప్పడం, పాత రంగు తీయడం

కింద స్క్రూలు లేవు, రివెట్లున్నాయి. ఎలా విప్పాలి?

రివెట్ తల మధ్యలో సూదిమొనతో చిన్న గుంట పెట్టండి, లేకపోతే డ్రిల్ జారి బేస్ మీద గీత పడుతుంది. ముందు 1.5 లేదా 2 మి.మీ. బిట్‌తో నాలుగైదు మి.మీ. లోతుకి నిటారుగా రంధ్రం చేయండి. తర్వాత 3.5 మి.మీ. బిట్‌తో తల మాత్రమే పోయేలా పైపైన తిప్పండి. తల ఊడిపోతే బేస్ దానంతట అదే వచ్చేస్తుంది. ముందు చేసిన చిన్న రంధ్రంలో మళ్లీ బిగించేటప్పుడు చిన్న స్క్రూ ఎక్కించొచ్చు.

చేతి డ్రిల్, సన్న ఆకురాళ్లు, చిన్న రంపం ఇవన్నీ కంసాలి పనిముట్లు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. హాబీ షాపు కోసం వెతుక్కోనక్కర్లేదు. కళ్లద్దాలు పెట్టుకోవడం మాత్రం మరవకండి, ఆ లోహపు తునకలు సన్నగా ఎగిరిపడతాయి.

పాత రంగు తీయడానికి ఏది వాడాలి?

హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవర్ చాలు. అద్దాలు, సీట్లు, గ్రిల్, ప్లాస్టిక్ ముక్క ప్రతిదీ ముందే తీసి పక్కన పెట్టండి. ఆ మందు తగిలితే ప్లాస్టిక్ మెత్తబడి పోతుంది. చేతులకి తొడుగులు వేసుకుని, ఆరుబయట గాజు సీసాలో బాడీ వేసి మందు పోయండి. రంగు ముడతలు పడి లేచాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడవండి. ఇక అక్కడి నుంచి వేళ్లతో ముట్టుకోకండి. చేతి జిడ్డు ఉన్నచోట ప్రైమర్ (రంగు కంటే ముందు వేసే పూత) నిలవదు.

కాస్టిక్ సోడా చౌక కదా, అది వాడకూడదా?

వాడకపోవడమే మంచిది. డైకాస్ట్ బాడీ ఇనుము కాదు, జమాక్ అనే జింక్ మిశ్రమం, అందులో సుమారు 4 శాతం అల్యూమినియం ఉంటుంది. జింక్, అల్యూమినియం రెండిటినీ కాస్టిక్ తినేస్తుంది. తీయడం కాస్త ఆలస్యమైతే గ్రిల్ అంచులు, తలుపు గీతలు అరిగి ఉపరితలం నల్లగా గరుకెక్కుతుంది. పైగా కళ్లలో పడితే చాలా ప్రమాదం.

## బాడీ, చక్రాలు

అంతా చేశాక కూడా బొమ్మలాగే కనిపిస్తోంది. ఎందుకు?

పదికి తొమ్మిదిసార్లు చక్రాల వల్లే. అసలు మినీవి పది అంగుళాల రిమ్ములు. టైరుతో కలిపి వ్యాసం సుమారు 490 మి.మీ. మాత్రమే. అంటే 1:64లో 7.7, 1:43లో 11.4, 1:18లో 27 మి.మీ. చౌక మోడళ్లకి ఇంతకంటే బాగా పెద్దవి, వెడల్పైనవి బిగిస్తారు, ఎందుకంటే అవి నేల మీద బాగా దొర్లాలి. చక్రం సరైన సైజుకి రాగానే కారు ముఖమే మారిపోతుంది.

రిమ్ కూడా చూసుకోండి. కూపర్ ఎస్‌కి స్టీలు చక్రాలు, చుట్టూ గాలి రంధ్రాలు ఉంటాయి. తర్వాతి కాలం అల్లాయ్ చక్రాలు పెడితే 1964 పోయినట్లే. చిన్న చక్రాలు పెట్టాక కారు నేలకి తగులుతుంటే ఇరుసు కూర్చునే గాడిని సర్దండి. కారు ఎత్తుని ఫొటోలో టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఉన్న ఖాళీతో సరిచూసుకోండి.

నా మోడల్‌కి మడ్‌గార్డుల మీద ఉబ్బులున్నాయి, ఎలా తీయాలి? గుంటలు దేనితో పూడ్చాలి?

జింక్ మెత్తన. సన్న ఆకురాయితో తేలిగ్గా అరిగిపోతుంది. కాకపోతే ఆ పొడి ఆకురాయి పళ్లలో ఇరుక్కుని బాడీ మీద గీతలు పెడుతుంది. ముందే ఆకురాయికి సుద్ద ముక్క రుద్దితే అంత ఇరుక్కోదు. పొడి పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి.

గుంటలకి ఎం-సీల్ బాగా పనిచేస్తుంది. రెండు ముద్దలూ రంగు ఒకటయ్యేదాకా కలిపి, గుంటలోకి నొక్కి, తడి వేలితో నునుపు చేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఉప్పుకాగితం 400తో మొదలుపెట్టి 800, 1000 వరకు నీళ్లతో రుద్దండి. ప్రైమర్ ఒక పూత వేస్తేనే మిగిలిన లోపాలు కనబడతాయి. అక్కడ మళ్లీ పూడ్చండి.

బయటి తలుపు బందులు, జరిగే అద్దాలు ఎలా చేయాలి?

1:43లో బందుకి సన్న రాగి తీగ ముక్క, ఒక మిల్లీమీటరు కంటే కాస్త పొడుగు. తలుపు ముందు అంచున పైన ఒకటి, కింద ఒకటి. అద్దాల కోసం మోడల్‌తో వచ్చిన దళసరి ప్లాస్టిక్ పక్కన పెట్టి, వస్తువుల ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి పారదర్శక ప్లాస్టిక్‌ని కిటికీ ఆకారంలో కత్తిరించండి. ఒక ముక్కని మరో ముక్క మీదకి కొద్దిగా ఎక్కించి అంటిస్తే జరిగే అద్దంలాగే ఉంటుంది. 1:64లో ఇవేవీ అక్కర్లేదు, అద్దం మధ్యలో నిలువుగా సన్న గీత చాలు.

## రంగు

ఆ ఎరుపు సరిగ్గా ఏది?

ఒళ్లు టార్టాన్ రెడ్, కప్పు ఓల్డ్ ఇంగ్లిష్ వైట్. కార్ల రంగులు కలిపిచ్చే షాపువాళ్లకి పేరు చెప్తే తెలియకపోవచ్చు, ఫొటో కంటే రంగు ముక్క చూపించి కలిపించుకోవడం మేలు. కప్పు తెలుపు ట్యూబ్‌లైట్ తెలుపు కాదు, కాస్త మీగడ రంగు కలిసినట్లుంటుంది. ఫ్రిజ్ తెలుపు వేస్తే కొత్త కారులా అయిపోతుంది.

చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది. అందుకని కొంచెం తేలిక చేయాలి. ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ అయిపోతుంది కాబట్టి రెండు చుక్కల నారింజ కలపండి. కింద ప్రైమర్ తెలుపైనా లేత గులాబీ అయినా పర్వాలేదు. బూడిద రంగు ప్రైమర్ మీద ఎరుపు మొద్దుబారుతుంది.

ముందు తెలుపు వేయాలా, ఎరుపు వేయాలా?

తెలుపు ముందు. కొన్ని ఎర్ర రంగులు పైన వేసిన తెలుపులోకి ఊరి గులాబీ మచ్చలు తెస్తాయి. తెలుపు పూర్తిగా ఆరాక కప్పుకి మాస్కింగ్ టేపు వేసి ఎరుపు కొట్టండి. మినీ కప్పు చుట్టూ వాన నీళ్లు కారే గట్టు ఉంటుంది, టేపు అంచుని దాని వెంబడి నొక్కితే గీత శుభ్రంగా వస్తుంది. ఎరుపు వేసే ముందు టేపు అంచు మీద మళ్లీ ఒక పల్చటి తెలుపు పూత కొట్టండి. అది సందుల్ని మూసేస్తుంది, ఎరుపు లోపలికి పాకదు.

రంగు ఆరిందో లేదో వాసన చూడండి. వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు.

వర్షాకాలంలో రంగు తెల్లగా మసకబారుతోంది. డబ్బా పాడైందా?

డబ్బా కాదు, గాలిలో తేమ. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, తేమ అక్కడ నీరుగా పేరుకుని రంగు కింద చిక్కుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఏడాదిలో చాలా నెలలు ఈ బెడద ఉంటుంది. ముసురు పట్టిన రోజున స్ప్రే చేయకండి. మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు పల్చటి పూతలు వేయండి. మే నెలలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. రంగు బాడీని చేరకముందే గాలిలో ఆరిపోయి గరుకుగా పడుతుంది. అప్పుడు తెల్లవారుజామున చేసుకోవాలి.

కార్ల షాపులో వేసే 2కే క్లియర్ కోట్ (గట్టిపరిచే మందు కలిపి కొట్టే పారదర్శక పూత) ఇంట్లో కొట్టొచ్చా?

నా సలహా వద్దనే. దాని గట్టిపరిచే మందులో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు గుడ్డ మాస్క్ వాటిని ఆపదు, ఊపిరితిత్తులకి శాశ్వతంగా ఇబ్బంది తెచ్చిపెట్టగలవు. అరచేయంత కారుకి స్ప్రే డబ్బాలో వచ్చే మామూలు యాక్రిలిక్ క్లియర్ చాలు.

## నంబర్లు, దీపాలు

ఇంట్లో ప్రింటర్‌తో డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి స్టికర్లు) ముద్రించుకోవచ్చా?

వచ్చు, ఒక ఇబ్బందితో. మన ప్రింటర్లలో తెల్ల సిరా ఉండదు. పారదర్శక డెకాల్ కాగితం మీద ముద్రిస్తే తెలుపు ఉండాల్సిన చోట కింది ఎరుపు కనిపిస్తుంది. తెలుపు కావాల్సిన వాటికి తెల్ల డెకాల్ కాగితం వాడి అంచు దగ్గరగా కత్తిరించండి, లేదా స్టెన్సిల్ పెట్టి తెల్ల రంగే కొట్టండి. ఇంక్‌జెట్ అయితే ముద్రించాక క్లియర్ పల్చగా కొట్టి ఆరనివ్వాలి, లేకపోతే నీళ్లలో వేయగానే సిరా కరిగిపోతుంది.

అంకెల ఆకారాన్ని కంప్యూటర్ ఫాంట్లలో వెతక్కండి. అప్పటి నంబర్ల రాత ఏ ఫాంట్‌కీ సరిగ్గా సరిపోదు. ఫొటో మీద గీసుకోవడమే దారి.

డెకాల్ కింద వెండిలా మెరుస్తోంది, ఏం చేయాలి?

కింద గాలి చిక్కుకుంది. సన్న సూదితో అక్కడక్కడ గుచ్చి, డెకాల్ మెత్తబరిచే ద్రవం చుక్క వేసి, తడి దూదితో నొక్కండి. ఇకముందు డెకాల్ ఎప్పుడూ నిగనిగలాడే ఉపరితలం మీదే వేయండి. గరుకు రంగు మీద వేస్తే గాలి చిక్కక తప్పదు.

నంబర్ ప్లేటు పసుపా, తెలుపా?

నలుపు. అప్పటి బ్రిటిష్ కార్లకి నల్ల పలక మీద తెల్ల లేదా వెండి రంగు అక్షరాలు. పసుపు, తెలుపు మెరిసే ప్లేట్లు తర్వాతి కాలానివి. అక్షరం ఎత్తు 8 నుంచి 9 సెం.మీ., అంటే 1:43లో రెండు మిల్లీమీటర్లు.

ముందున్న అదనపు దీపాలకి ఏం వాడాలి?

హెడ్‌లైటు వ్యాసం ఏడు అంగుళాలు, 1:43లో 4 మి.మీ., 1:64లో 2.8. అదనపు దీపాల సైజుని ఫొటోలో హెడ్‌లైటుతో పోల్చి తేల్చండి. ఫ్యాన్సీ షాపులో నెయిల్ ఆర్ట్ కోసం అమ్మే గుండ్రటి రాళ్లలో పలకలు కోయని, నున్నటివి ఏరుకుంటే అద్దంలా కుదురుతాయి. వెనక గిన్నె ఆకారానికి ప్లాస్టిక్ పుల్లని గుండ్రంగా అరగదీసి వెండి రంగు వేయండి. ఎన్ని దీపాలు, ఏ ఎత్తులో అన్నది మీరు ఎంచుకున్న రోజు ఫొటోనే చెప్పాలి. ఎక్కువ దీపాలుంటే ర్యాలీ కారులా కనిపిస్తుందని ఇంకో రెండు తగిలించడం చాలామంది చేసే పని.

అద్దాలు అంటించాక తెల్లగా పొగ పట్టినట్లయింది. పోతుందా?

సూపర్ గ్లూ ఆరేటప్పుడు లేచే ఆవిరి అలా చేస్తుంది. పైపైన ఉంటే కొద్దిగా టూత్‌పేస్టుతో రుద్ది చూడండి, కొంతవరకు పోతుంది. అద్దాలకి, దీపాలకి తెల్ల ఫెవికాల్ వాడితే ఆరాక కనపడదు, ఆవిరీ ఉండదు.

## ముగింపు పనులు

మురికి పట్టించాలా?

చివరి రోజు కారు చేస్తుంటే తప్పకుండా. అయితే మన ఎర్రమట్టి రంగు కాదు. ఆల్ప్స్ కొండల్లో జనవరి నెల అది. కరిగిన మంచు, ఉప్పు, రోడ్డు ఇసుక కలిసి ఆరితే బూడిద తెలుపు పొర వస్తుంది. సుద్ద పొడిని సన్నగా దంచి మెత్తటి కుంచెతో చక్రాల వెనక నుంచి, తలుపు కింది అంచు మీదుగా, వెనక భాగం మీద అద్దండి. ముందు అద్దం మీద వైపర్ తుడిచిన అర్ధచంద్రాలు శుభ్రంగా వదలండి. బానెట్ మీద ఎక్కువ వేయకండి, మురికిని చక్రాలు ఎక్కడికి చిమ్ముతాయో అక్కడే ఉండాలి.

పూర్తయ్యాక అమ్మితే ఏమని చెప్పి అమ్మాలి?

ఏ కంపెనీ మోడల్‌ని మార్చారో, ఏం మార్చారో చెప్పి అమ్మండి. ఫ్యాక్టరీలో తయారైన పరిమిత సంచిక అన్నట్లు పెట్టె, స్టికర్లు తయారు చేయడం మోసమే. బేస్ లోపలి వైపు మీ పేరు మొదటి అక్షరాలు, చేసిన సంవత్సరం గీసేయండి. రేపు ఆ కారు ఎన్ని చేతులు మారినా విప్పినవాళ్లకి సంగతి తెలుస్తుంది.